నేను పెట్టిన కావలి

ఆ చోటుకి బోర్డు లేదు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్ళే రోడ్డు మీద ఆటో దిగి, మామిడితోటలోంచి పావుగంట నడిస్తే, ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన పాత బ్యారన్ వస్తుంది. నిట్టనిలువు గోడలు, ఎక్కడో పైన రెండు చిన్న కంతలు. కింద గోడ పగలగొట్టి కొత్తగా కిటికీలు పెట్టారు గానీ, వాటి చుట్టూ సిమెంటు పూయలేదు, ఇటుకలు అలాగే బయటికి కనబడుతున్నాయి. బ్యారన్ వెనక నాలుగు తాటిచెట్లు, ఆ తర్వాత ఒడ్డు. ఒడ్డు కింద ఆగస్టు నెల గోదావరి ఎర్రగా, చప్పుడు లేకుండా, చెట్ల మొద్దుల్ని మోసుకుంటూ పోతోంది. నేను మొదట చూసింది అక్కడి పిల్లల్ని కాదు, ఆ నీళ్ళని.

వారానికి మూడు రోజులే అక్కడ. సోమ, మంగళ, బుధ. మిగతా నాలుగు రోజులు ఎవరిళ్ళలో వాళ్ళు. టీచర్లు ఉండరు, సిలబస్ ఉండదు, గంట కొట్టరు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఒక పద్నాలుగు మంది, తాము ఏం నేర్చుకోవాలో, ఎప్పుడు నేర్చుకోవాలో, అసలు నేర్చుకోవాలో వద్దో తామే తేల్చుకుంటారు. పరీక్ష రాయాలనుకున్నవాళ్ళు ఓపెన్ స్కూల్లో రాసుకుంటారు. ఒక్క ఏడాది ముందు ఎవరైనా నాకు ఈ సంగతి చెప్పి ఉంటే, పనిలేనివాళ్ళు పెట్టిన దుకాణం అని మొహం మీదే నవ్వేదాన్ని. అలాంటి నేను కల్లూరులో ఇల్లూ పొలమూ వదిలి మా అమ్మాయిని అక్కడికి తీసుకుపోయానంటే, దానికి ముందు ఏం జరిగిందో చెప్పాలి.

మా మామగారి తండ్రి కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి మీద వచ్చి కల్లూరు దగ్గర భూమి కొన్నారట. మిర్చి, పత్తి, తినడానికి కాస్త వరి. మా ఇంట్లో చదువంటే ఖమ్మం, ఖమ్మం అంటే హాస్టల్. ఇందులో ఆలోచించేదేమీ ఉండదు. నారు ఎదిగాక నాటినట్టే పదో తరగతి అయ్యాక హాస్టల్లో వేస్తాం. మా అమ్మాయికి లెక్కలు బాగా వచ్చు. నేనే దగ్గరుండి పరుపు, బకెట్టు కొనిచ్చి, ఆవకాయ సీసా చేతికిచ్చి, ఆ కాలేజీలో వదిలి వచ్చాను. ఆమె ఏడవలేదు. నా పెంపకం గట్టిదని బస్సులో మురిసిపోయాను కూడా.

రెండో నెలలో కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. సెలవులిచ్చాం, వచ్చి తీసుకుపోండి అన్నారు. ఎందుకో చెప్పలేదు. గేటు దగ్గర తల్లిదండ్రులం గుంపుగా నిలబడి ఉన్నాం. మా అమ్మాయి ఉండే అంతస్తులోనే, పక్క గదిలో, ఒక పిల్ల చనిపోయిందని చివరికి నాకు చెప్పింది రోడ్డవతల బోండాలు అమ్మే ఆవిడ. ఎలా అని నేను అడగలేదు. ఆవిడ చెప్పిన తీరులోనే తెలిసిపోయింది. మా అమ్మాయి కల్లూరు దాకా బస్సులో ఒక్కటే మాట మాట్లాడింది.

"ఆ రోజు సాయంత్రం నా దగ్గర పెన్ను అడిగి తీసుకుందమ్మా. ఇంకా ఇవ్వలేదు."

ఆ తర్వాత ఇంట్లో నెల రోజులు మాటల్లేవు. పెడితే తింటుంది, అడిగితే తలూపుతుంది. మా ఆయన "పది రోజులాగి పంపిద్దాంలే, సీటు పోద్ది" అనేవాడు. పది రోజులయ్యాక మళ్ళీ అదే మాట. నేను పురుగుమందుల గదికి తాళం వేసి చెవి కొంగున ముడేసుకున్నాను. ఆమె పెరట్లోకి వెళ్తే నేనూ ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్ళేదాన్ని. స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి నీళ్ళ చప్పుడు వినేదాన్ని. చప్పుడు ఆగితే పేరు పెట్టి పిలిచేదాన్ని. "ఏంటమ్మా?" అనేది లోపల్నించి. "ఏం లేదు, సబ్బుందా అని." రోజూ తలుపు కొట్టి సబ్బు సంగతి అడిగే తల్లిని ఏ పిల్ల నమ్ముతుంది?

పక్క గది పిల్ల చేసిన పని మా అమ్మాయి కూడా చేస్తుందేమో. నా భయమల్లా ఇదే. ఇది పైకి ఎవరితోనూ అనలేదు. అంటే నిజంగా జరిగిపోతుందేమోనని మరో భయం.

ఖమ్మంలో ఒక డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ మా అమ్మాయితో గంటసేపు విడిగా కూర్చుంది. బయటికొచ్చాక నాతో "కొన్నాళ్ళు చదువు మాట ఎత్తకండి, ఆమెను కాస్త వదలండి, నెలకోసారి నా దగ్గరికి తీసుకురండి" అని, గోదావరి పక్కన ఈ చోటు గురించి చెప్పింది. వదలండి అన్న మాట నా చెవికి ఎక్కలేదు. అడ్రసు ఎక్కింది.

అక్కడ పెద్ద దిక్కుగా ఉండేది ఒకావిడ. యాభై దాటి ఉంటుంది, బొగ్గుగని కార్మికుడి కూతురు, చాలాకాలం జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి మానేసిందట. పిల్లలూ పెద్దలూ అందరూ ఆవిడని అక్క అనే పిలుస్తారు. మొదటి రోజు నన్ను బ్యారన్ మెట్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"ఈడ కట్టుబాటు ఒక్కటేనమ్మా. ఏం చేస్తున్నవ్, ఏం నేర్చుకున్నవ్ అని పిల్లల్ని అడగొద్దు. వాళ్ళే చెప్తే ఇనాలె."

"అసలేమీ చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే చెయ్యనియ్యి. అది గూడ వాళ్ళ పనే."

నాకు ఒళ్ళు మండింది. టీ గ్లాసు పక్కన పెట్టేశాను. అక్క నవ్వి, "ఏందమ్మా గట్ల చూస్తున్నరు? అందరు తల్లులు గట్లనే చూస్తరు మొదట," అంది. తర్వాత నన్ను వెనక్కి తీసుకుపోయి తాటిచెట్ల మధ్య కట్టిన పసుపు నైలాన్ తాడు చూపించింది. వానాకాలం మొదలవగానే పిల్లలే కూర్చుని మాట్లాడుకుని కట్టుకున్నారట. ఆ తాడు దాటి ఎవరూ నీళ్ళ వైపు పోకూడదు.

"ఇక్కడ కాపలా ఎవరుంటారు?" అన్నాను.

"ఎవ్వరుండరు. కట్టుకున్నది వాళ్ళే గద."

తాడు నా నడుం ఎత్తు కూడా లేదు. చిన్నపిల్ల అయినా కాలెత్తి దాటిపోతుంది. అటువైపు ఇరవై అడుగుల్లో నీళ్ళు. మా అమ్మాయి తాడు మీద రెండు చేతులూ ఆనించి నదిని చూస్తూ నిలబడింది. పోదాం రా అని నేను చెయ్యి పట్టి లాగాను. ఆమె రాలేదు. "ఇక్కడ చేరతానమ్మా," అంది. నెల రోజుల్లో ఆమె అంత స్పష్టంగా చెప్పిన మాట అదొక్కటే. కాదనడానికి నోరు రాలేదు.

భద్రాచలంలో మేడమీద ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆదివారం బస్సెక్కి రావడం, బుధవారం సాయంత్రం కల్లూరు పోవడం. పొద్దున్నే ఆమెని ఆటో ఎక్కించాక నాకు సాయంత్రం దాకా పనుండేది కాదు. తల్లిదండ్రులు అక్కడ ఉండకూడదు, పదిహేను రోజులకోసారి వంట వంతు వచ్చినప్పుడు తప్ప. ఆ వారాల్లో నది పెరుగుతోంది. వీధిలో మైకు పెట్టిన ఆటో తిరుగుతూ ప్రమాద హెచ్చరిక చదివేది. లోతట్టులో ఉన్నవాళ్ళు సామాన్లు సర్దుకోవాలి, ఎవరూ ఒడ్డుకి పోవద్దు, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి. ఊళ్ళో వాళ్ళు ఆ మాటలకి తల కూడా తిప్పరు, ఏటా వినేవే. నేను మాత్రం కిటికీ మూసి, మళ్ళీ తెరిచి, ఆఖరి వాక్యం నాకోసమే చదువుతున్నాడని అనుకునేదాన్ని.

మొదటి వంట వంతు నాడు ఆ పిల్లల్ని తీరిగ్గా చూశాను. ఒకడు పాడైపోయిన నీళ్ళ మోటారు విప్పి ముక్కలన్నీ గోనెసంచి మీద పరిచాడు. ఇద్దరు ఆడపిల్లలు పక్క గూడెం నుంచి వచ్చే పిల్ల దగ్గర కోయ మాటలు నేర్చుకుంటూ, పలకలేక పడీపడీ నవ్వుతున్నారు. ఒక పిల్లవాడు పొద్దున్నుంచీ కాగితం మీద ఒకే గుర్రాన్ని గీస్తూ చెరుపుతున్నాడు. మిర్చి గ్రేడింగ్‌కి కూర్చున్నప్పుడు ఎర్రకాయ ఇటు, తెల్లబడిన తాలుకాయ అటు వేయడం నాకు పదేళ్ళ వయసు నుంచీ అలవాటు. తెలియకుండానే ఆ పిల్లల్నీ అలాగే ఏరుతున్నాను. మోటారు పిల్లాడు పరవాలేదు. గుర్రం పిల్లాడు తాలు. ఇంకో పిల్ల అసలేమీ చేయకుండా కిటికీలో కూర్చుంది, తాలు. అప్పుడు మా అమ్మాయి లేచి, చున్నీ మడిచి చంకలో పెట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా వెనక తలుపు గుండా తాటిచెట్ల వైపు పోయింది.

పొయ్యి మీద పప్పు పొంగుతోంది. కాసేపు ఓర్చుకున్నాను, ఇక నా వల్ల కాలేదు. గరిటె పారేసి పరిగెత్తబోతే అక్క అడ్డం వచ్చింది.

"తాడు దాటదమ్మా."

"మీకెలా తెలుసు?"

అక్క వంగి కిందపడ్డ గరిటె తీసింది. "తెల్వదు," అంది. "నమ్ముతున్న."

పప్పు మాడిపోయింది. భోజనాల దగ్గర మా అమ్మాయి మామూలుగా వచ్చి కూర్చుంది. పిల్లలు మాడు వాసన పప్పుని "ఆంధ్రా స్పెషల్" అని ఏడిపించారు. ఒక పిల్ల కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ, "ఆంటీ, మీ ఇంట్ల మిరపకాయలు ఎక్కువైనయా ఏంది?" అంది. అందరూ నవ్వారు. మా అమ్మాయి పెదవి కూడా కొంచెం కదిలింది. నేను చూశాను గానీ, నా మనసంతా ఆ వెనక తలుపు మీదే ఉంది.

మిరపకాయల పిల్లకి పద్నాలుగేళ్ళు. నోరు మూతపడదు, మనసు మంచిది. తండ్రి ఓపెన్‌కాస్ట్ గనిలో డ్రైవరు. భద్రాచలంలో మా గదికి రెండిళ్ళ అవతల మేనత్త ఇంట్లో ఉండి మా అమ్మాయితో పాటే ఆటోలో పోయి వచ్చేది. ఈ కథలో నేను చేసిన పని ఇక్కడ మొదలవుతుంది, దీన్ని ఎలా చెప్పినా నేను మంచిదాన్ని అవను.

మిర్చి కల్లంలో ఆరబోశాక అక్కడ ఒక మనిషి ఉండి తీరాలి. దొంగ కోసమే కాదు, మబ్బు పడితే పట్టా కప్పాలి, గొడ్డు వస్తే తోలాలి. ఏడాది కష్టాన్ని ఆరుబయట పరిచి, నమ్ముతున్నాను అనుకుంటూ ఇంటికొచ్చి పడుకునే ఆడది మా వాడలో లేదు. అందుకని ఆ పని చేసేటప్పుడు తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. జంతికలు వండి డబ్బా నిండా పోసి ఆ పిల్లకిచ్చాను.

"మా అమ్మాయి తాటిచెట్ల దగ్గరికి పోతుంది కదమ్మా. కొంచెం చూస్తూ ఉండు. నేను చెప్పానని మాత్రం అనకు."

"అవ్ ఆంటీ, చూస్త. ఏమైతది ఆమెకి?"

"ఏం కాదు. ఊరికే."

ఆ రోజు నుంచి సాయంత్రం డబ్బా తిరిగి ఇచ్చే వంకతో ఆ పిల్ల మా మేడమెట్ల దగ్గరికి వచ్చేది. నేను దిగి వెళ్ళేదాన్ని. "ఇయ్యాల అన్నం తిన్నంక పోయింది ఆంటీ. తాడు కాడ తాటిచెట్టుకు ఒరిగి ఉన్నది. నేను పోంగనే లేచి కూసుంది, నీళ్ళ దిక్కే చూస్తుంది." మరో రోజు, "రెండుసార్లు పోయింది ఆంటీ. నన్ను చూసి లోపటికి వచ్చింది, మల్ల పోయింది." నువ్వు పోగానే లేచి వచ్చేస్తోందన్నమాట, అయితే మంచిదే, పోతూనే ఉండు అని చెప్పాను. ఇంకో డబ్బా నింపాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అంతా కళ్ళముందే ఉంది. చేరిన మొదటి వారాల్లో మా అమ్మాయి బాగుపడుతోంది. బెండకాయ వేపుడు మారు వడ్డించుకుంది. ఒకరోజు ఆటో దిగుతూ ఏదో కూనిరాగం తీసింది. మోటారు పిల్లాడికి కరెంటు లెక్క ఏదో చెప్పానని తనంతట తానే అంది. నేను కావలి పెట్టిన పది పన్నెండు రోజులకి ఆ మారు అన్నం పోయింది. కళ్ళ కింద నల్లగా వచ్చింది. మాట్లాడితే ఉలిక్కిపడేది. ఏ తల్లయినా ఆగి ఆలోచించాలి కదా. నేను ఆ మొహం చూసి, నా అనుమానమే నిజమైందని, కావలి ఇంకా బిగించాను. "ఒక్క నిమిషం కూడా వదలొద్దమ్మా, పక్కనే కూర్చో," అన్నాను. ఆ పిల్ల పాపం, తన ఆటలన్నీ మానుకుని నీడలా వెంట తిరిగింది.

నది అప్పటికి తగ్గుముఖం పట్టింది. ఒడ్డంతా బురద, బురదలో ఇరుక్కున్న గొడ్డు కళేబరాలు, వాటిమీద కాకులు. మైకు ఆటో రావడం మానేసింది. ఆ నిశ్శబ్దానికి నాకు ఇంకా భయం వేసింది.

ప్రతి బుధవారం భోజనాలయ్యాక అక్కడ సభ జరుగుతుంది. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఎవరికి ఎవరి మీద ఫిర్యాదున్నా అక్కడ చెప్పాలి. ఎవరి మీద చెప్పారో వాళ్ళు జవాబివ్వాలి, అక్క అయినా సరే. దసరా సెలవుల ముందు బుధవారం నా వంట వంతు పడింది. నేను గిన్నెలు సర్దుతున్నాను. పిల్లలు రంపం ఎవరు పోగొట్టారని వాదించుకున్నారు. అది తేలాక మా అమ్మాయి చెయ్యెత్తింది. రెండు నెలల్లో ఆ సభలో ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"నా వెనక ఒకరు తిరుగుతున్నారు," అంది. "ఎక్కడికి పోయినా వస్తున్నారు. ఎందుకో నాకు తెలియాలి."

మిరపకాయల పిల్ల మొహం ఎర్రబడింది. పక్కవాళ్ళు ఇంకా అడగనేలేదు, భోరుమంది. "ఆంటీ చెప్పింది. చూస్తుండమన్నది. నేను మంచికే చేసిన అక్కా. జంతికలు గూడ నేను అడగలే, ఆమెనే ఇచ్చింది."

పద్నాలుగు మొహాలు నా వైపు తిరిగాయి. అక్క నన్ను వచ్చి కూర్చోమంది. తడి చేతులతోనే కూర్చున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి నలుగురిలో కూర్చోబెట్టి నన్ను సంజాయిషీ అడిగినవాళ్ళు లేరు. సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది.

"అవును, నేనే పెట్టాను," అన్నాను. "కన్నపిల్ల మీద కావలి పెట్టుకుంటే తప్పా? పక్కన నది పెట్టుకుని, నడుమెత్తు తాడు కట్టి, నమ్ముతున్నాం అంటూ మీరు కూర్చుంటే నేనూ కూర్చోవాలా? ఆమె ఏమైనా చేసుకుంటే మీరిస్తారా తెచ్చి?"

ఇన్నాళ్ళూ అనడానికి భయపడ్డ మాట అలా అందరిముందూ అనేశాను. గుర్రం బొమ్మ పిల్లాడు తల దించుకున్నాడు. మా అమ్మాయి మాత్రం నన్నే చూస్తోంది. కోపంగా కాదు. ఎన్నాళ్ళుగానో చేస్తున్న లెక్కకి జవాబు దొరికినట్టు చూసింది.

"నీకేం కావాలె బిడ్డా?" అని అక్క ఆమెను అడిగింది.

"ఏం వద్దక్కా. తెలుసుకుందామనే అడిగాను."

ఆ రోజు మేము కల్లూరు బస్సెక్కలేదు. మా అమ్మాయి గదికి వచ్చి, చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంకా ఎండ ఉంది, కింద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నేను ఎదురుగా కూర్చుని, ఇక దాచేదేముందని, అడిగేశాను. రోజూ ఆ నీళ్ళ దగ్గరికి ఎందుకు పోతున్నావే అని.

"నిద్రపోవడానికమ్మా."

నాకు అర్థం కాలేదు.

"హాస్టల్లో ఆ రోజు తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో కూడా పట్టలేదు. నేను కళ్ళు మూసుకుంటే నువ్వొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదానివి. నాకు తెలిసేది. కదలకుండా పడుకునేదాన్ని. నీకు భయమని." గొంతులో ఏ విసుగూ లేదు. "ఇక్కడ తాటిచెట్టు వెనక పడుకుంటే ఎవరికీ కనబడను. చున్నీ తల కింద పెట్టుకుని పడుకున్నాను. మొదటి రోజే గంట నిద్రపోయాను. తర్వాత రోజూ పోయాను. లేచాక ఆకలేసేది. నీళ్ళ వైపు పోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదమ్మా. తర్వాత ఆ పిల్ల రావడం మొదలైంది. ఎవరో చూస్తున్నారంటే లేచిపోతాను."

నేను ఏడ్చాను. తప్పయిపోయిందన్నాను. ఇంకెప్పుడూ ఎవరినీ పెట్టనని ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

"మానేశావని నాకెలా తెలుస్తుంది?" అంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "ఇప్పుడు అక్కడ ఎవరొచ్చి పక్కన కూర్చున్నా నువ్వు పంపావేమో అనిపిస్తది. మోటారు విప్పేవాడు పలకరించినా అనిపిస్తది. అక్క నవ్వినా అనిపిస్తది. నేను ఖమ్మం వెళ్ళిపోతానమ్మా. ఆ కాలేజీకే."

"ఆ హాస్టల్లోకా?"

"అక్కడ కెమెరాలు గోడకుంటాయి. కనబడతాయి. మనుషుల్ని అనుమానించక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే నేనొక్కదాన్నే ఆటో ఎక్కి, బ్యారన్‌లోనే ఉండే అక్క దగ్గరికి పోయాను. ఎలాగైనా ఆపమని చేతులు పట్టుకున్నాను. అక్క నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది. "ఆమె ఏం చెయ్యాలనేది ఆమెనే తేల్చుకోవాలని మనమే చెప్పినం. నాకు నచ్చనిది తేల్చుకున్నదని ఇప్పుడు కాదంటే, ఆమెకింక ఈ భూమ్మీద నమ్మేటందుకు ఎవ్వరుంటరమ్మా? నేను మాట్లాడత. ఆపలేను." కళ్ళు తుడుచుకుంది. "మీరు ఆపొచ్చు. మీరు తల్లి." అక్క మాట్లాడింది. డాక్టరమ్మ కూడా ఫోన్లో మాట్లాడింది, తొందరపడొద్దని నాకూ గట్టిగా చెప్పింది. మా అమ్మాయి ఇద్దరి మాటా మర్యాదగా విని, వెళ్తానంది.

నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వద్దు అనడానికి నోరు తెరిస్తే, అది కూడా కావలి మాటలాగే నా చెవికే వినిపించింది. మా ఆయనకి ఫోన్ చేస్తే, "చూశావా, దానంతటదే దారికొచ్చింది. ఆ తోటలో ఉంచడం బాగానే పనిచేసింది," అని సంతోషపడ్డాడు. ఆ సంతోషాన్ని కూడా నేను ఆపలేదు. మిరపకాయల పిల్ల మేము గది ఖాళీ చేసే రోజు డబ్బా కడిగి తెచ్చి మెట్ల మీద పెట్టి, పైకి రాకుండా వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్లతో అలాంటి పని చేయించినందుకు ఆమెకి నేను ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు.

దసరా సెలవులయ్యాక కాలేజీకి తీసుకుపోయాను. అదే అంతస్తు, ఈసారి గది వేరు. వార్డెన్ మర్యాదగా మాట్లాడింది. మీ పాప మీద ప్రత్యేకంగా దృష్టి పెడతామండి, ఏ చిన్న తేడా వచ్చినా మీకు ఫోన్ వస్తుంది అంది. కాగితాల మీద సంతకాలు పెట్టాక, మా అమ్మాయికి వినబడకూడదని గొంతు తగ్గించి ఆవిడని అడిగాను.

"ఆదివారం మధ్యాహ్నం ఒక్క గంట ఎక్కడైనా ఒంటరిగా పడుకోనివ్వండమ్మా. ఎవరూ చూడని చోట."

వార్డెన్ నా వైపు వింతగా చూసింది. "ఒంటరిగానా? అదెట్లా కుదురుతదండీ? అసలు ఇప్పుడు పిల్లల్ని ఒక్క క్షణం కూడా వదలట్లేదు. తల్లిదండ్రులే అడిగారు. మీరు కూడా మొన్న ఫోన్లో అదే అన్నారు కదా?"

అన్నాను. వారం కిందట సీటు గురించి మాట్లాడుతూ, ఒక్క నిమిషం కూడా వదలొద్దని నేనే అన్నాను. నా నోటి వెంట ఆ మాట ఎప్పుడు వచ్చిందో నాకే తెలియలేదు.

వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మాయి అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది. బకెట్టు ఒక చేతిలోకి, పరుపు చుట్ట ఇంకో చేతిలోకి తీసుకుంది. మెట్ల దాకా పోయి ఆగింది.

"నువ్వింక పో అమ్మా," అంది. "ఇక్కడ చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు."